దూలం మీది పద్నాలుగు

ఫోర్ట్ హెరాన్, మానిటోబా
28 ఆగస్టు 1996

మరిది నెస్టర్‌కి,

మీ లారీలు వెళ్ళి రెండు నెలలైంది. ఉత్తరం రాస్తానన్నావు, రాయలేదు. ఫోన్లో మాత్రం రెండుసార్లు "అంతా బాగానే ఉంది వదినా" అని పెట్టేశావు. అందుకే నేనే కాగితం తీశాను. ఫోన్లో నువ్వు ఎంతైనా తప్పించుకుంటావు గానీ, కాగితం మీద అబద్ధం రాయాలంటే నీకు చెయ్యి సాగదు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను.

జట్టుకి కొత్త పేరు పెట్టారని పేపర్లో చదివాను. మిరాజెస్! ఎండమావులు! డెబ్బై ఏళ్ళు మిల్లర్స్ అనిపించుకున్న జట్టయ్యా అది. మీ తాతలు పిండిమిల్లులో బస్తాలు మోసి, మధ్యాహ్నం భోజనాల వేళ నది మీద మంచు ఊడ్చుకుని మొదలుపెట్టిన ఐస్ హాకీ ఆట. దగ్గరికెళ్తే ఉండనిదాన్నే ఎండమావి అంటారని అక్కడివాళ్ళకి ఎవరైనా చెప్పారా, లేక తెలిసే పెట్టారా?

ఇక్కడ స్టేడియంలో మంచు తీసేశారు. నిన్న నా కిటికీలోంచి ట్రాక్టర్ల ప్రదర్శనకి టికెట్లు ఇచ్చాను. మన మెట్రో గ్రబా వచ్చాడు. పొలం అమ్ముకున్న ఏడు కూడా ఒక్క ఆట మానని మనిషి కదా, పాత అలవాటు కొద్దీ "సెక్షన్ ఏడు, ఎప్పటిదే" అన్నాడు.

"ట్రాక్టర్లకి సెక్షన్లు లేవు మెట్రో, ఎక్కడైనా నిలబడి చూడు" అన్నాను.

"నిలబడి చూడ్డానికి మా కొట్టంలో రెండున్నాయిలే" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నవ్వొచ్చింది. తరవాత ఆ కిటికీ మూసుకుని కాసేపు కూర్చోవలసి వచ్చింది.

జట్టును ఆపుదామని చర్చి కింద గదిలో మేం ఆడవాళ్ళం వసంతమంతా పిరోహీ కుడుములు చేసి అమ్మి డబ్బు పోగుచేశాం. ఊరేగింపులు చేశాం. ఏదీ పనికిరాలేదు. ఇప్పుడు పిండి కనిపిస్తే చాలు, వేళ్ళు నొప్పి పెడుతున్నాయి.

నిన్ను ఒక్కటి అడుగుతాను. పద్నాలుగో నంబరు అక్కడ ఎవరికీ ఇవ్వనివ్వకు. మీ అన్న పోయాక ఆ నంబరును ఇంకెవరూ తొడగకూడదని క్లబ్బువాళ్ళే అతని ఆట స్వెటర్‌ని స్టేడియం పైకప్పు దూలానికి ఎత్తారు. పదకొండేళ్ళు అక్కడే ఉంది. ఆట మధ్యలో తలెత్తితే ఓస్టాప్ కనిపించేవాడు. పేర్లూ నంబర్లూ కుట్టే సూది నీ చేతిలోనే ఉంది కదా. అందుకే నిన్ను అడుగుతున్నాను.

వదిన,
జెన్యా


శాన్ ఎలియాస్, ఆరిజోనా
9 సెప్టెంబరు 1996

వదినకి,

అబద్ధం రాయడానికి చెయ్యి సాగదన్నావు. అందుకే రాయలేదు. ఇక్కడ ఏమీ బాగాలేదు.

ఎండ మనుషుల్ని నిలువునా కాలుస్తోంది. లారీ తలుపు పట్టుకుంటే బొబ్బ లేచింది. మంచు వేయడానికి పెట్టిన మనిషి నిన్నమొన్నటి దాకా ఈత కొలనులు కడిగేవాడు. పాపం మంచివాడే. "వేణ్ణీళ్ళు పోయాలయ్యా, పలచగా, పొర మీద పొర. అప్పుడే మంచు గట్టిగా వస్తుంది" అని చెప్పాను. "ఈ ఊళ్ళో కొళాయి తిప్పితే వచ్చేవి వేణ్ణీళ్ళేలెండి" అన్నాడు. స్కేట్ల అంచులు ఎంత పదును పెట్టినా ఈ మంచు మీద ఊబిలో దిగినట్టు దిగిపోతున్నాయి.

స్వెటర్ అంటే ఇక్కడివాళ్ళు నవ్వుతున్నారు. జెర్సీ అనాలట. "ఈ ఎండలో స్వెటరేంటి నెస్టర్, చలి జ్వరమా?" అంటాడు మేనేజర్ రిడ్లీ. నది మీద ఆడేటప్పుడు మా తాతలు నిజంగానే ఉన్ని స్వెటర్లు వేసుకునేవాళ్ళని, బట్ట మారినా పేరు మారలేదని చెప్పబోయాను. వినే ఓపిక లేదు అతనికి. గోడ మీద కొత్త చరిత్ర పటం పెట్టించాడు. అందులో మొదటి సంవత్సరం 1996.

ఇక అసలు సంగతి. చెప్పడానికి భయంగా ఉంది. లారీల్లో వచ్చిన పెట్టెలన్నీ విప్పాను, అన్నయ్య స్వెటర్ లేదు. దూలం మీంచి దించిన నాటికి నేను ఇక్కడికి వచ్చేశాను కదా, ఎవరు సర్దారో తెలియదు. సామాన్ల జాబితాలో ఆ వరుస మీద అడ్డగీత ఉంది. మోకాలి కట్ల మధ్య చూశాను, పాత గ్లవ్సుల పెట్టెల్లో చూశాను. రోజూ ఎక్కడో ఒకచోట మళ్ళీ చూస్తున్నాను. జట్టు సామాను అంతా నా పూచీ మీద వచ్చింది. అది నా వల్ల పోయిందంటే నీకు మొహం చూపించలేను. అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా? నీకేమైనా తెలుసా?

పద్నాలుగు సంగతి నాకు వదిలెయ్. రిడ్లీతో మాట్లాడతాను. ఆ నంబరు నా సూది కుట్టదు. మాట ఇస్తున్నాను.

నెస్టర్


ఫోర్ట్ హెరాన్
20 సెప్టెంబరు 1996

నెస్టర్‌కి,

నిన్న మొదటి మంచు తుంపర పడింది. క్యాబేజీలన్నీ కోసి లోపల పెట్టాను. ఈ ఏడు కాయ చిన్నది, అయినా పులియబెట్టడానికి సరిపోతుంది. ఎలుగుబంటి ఒకటి గ్రబా వాళ్ళ చెత్త డబ్బా తిరగేసి పోయింది. మెట్రో దాని వెనక బూట్లు లేకుండా పరిగెత్తాడట, ఊరంతా అదే కబురు. చర్చి పైకప్పుకి రంగు వేస్తున్నారు. ఫాదర్ ఆకుపచ్చ అంటాడు, కమిటీవాళ్ళు వెండిరంగు అంటారు. చివరికి ఎవరూ ఒప్పుకోక సగం వేసి వదిలేశారు.

నువ్వు సరిగ్గా తింటున్నావా? అక్కడ దుంపలు దొరుకుతాయా? బోర్ష్ చారుకి వేసే ఎర్రదుంపలు దొరక్కపోతే చెప్పు, సీసాలో పెట్టి పంపుతాను.

పెట్టెల గురించి అంత కంగారు పడకు. సామాను మార్చేటప్పుడు వస్తువులు అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. ఎక్కడో ఉండే ఉంటుంది. దానికోసం వెతికి వెతికి ఒళ్ళు పాడుచేసుకోకు. నీ తప్పు కాదు.

రిడ్లీతో మాట్లాడావా? నాకు కావలసింది ఆ జవాబు.

జెన్యా


శాన్ ఎలియాస్
1 అక్టోబరు 1996

వదినకి,

పెట్టెలు వెతకడం మానేశాను. నువ్వన్నట్టు ఎక్కడో ఉండే ఉంటుంది.

పద్నాలుగు ఇచ్చేశారు.

ఫిన్లండ్ నుంచి కొత్తగా వచ్చిన ఆటగాడికి. పేరు ఎస్కో కోసోనెన్. పుట్టింది పద్నాలుగో తారీకు, వాళ్ళ ఊళ్ళో చిన్నప్పటి నుంచీ వేసుకున్నది అదే నంబరు. తను అడిగాడు, వాళ్ళు ఇచ్చారు. నేను రిడ్లీ గదికి వెళ్ళాను. తలుపు తీసుకుని లోపలికి కూడా వెళ్ళాను. నోరు పెగల్లేదు వదినా. నేనేమీ అడగలేదు. బయటికి వచ్చేశాను.

వాడు చెడ్డవాడైనా బాగుండేది. తిట్టుకోవడానికి ఉండేది. పొద్దున్నే వచ్చి, స్కేట్లు తనే తుడుచుకుని, నాకు గుడ్డ మడతపెట్టి ఇచ్చి మరీ వెళ్తాడు. ఈ నంబరు ఇంతకుముందు ఎవరిదని అడిగాడు. చెప్పాను. ఓస్టాప్ కోజుబ్ అని రెండుసార్లు పలికించుకుని, తలూపి, టోపీ తీశాడు. ఇక నేనేం అనను?

వచ్చే వారం మొదటి ఆట. నాలుగు స్వెటర్లు కుట్టాలి. అందులో వాడిది ఒకటి.

మాట ఇచ్చి తప్పాను. ఏమన్నా పడతాను.

నెస్టర్


ఫోర్ట్ హెరాన్
7 అక్టోబరు 1996

నెస్టర్,

నోరు పెగల్లేదా?

తలుపు తీసుకుని వెళ్ళినవాడివి, ఒక్క మాట అనడానికి ఏం పోయింది నీకు? "మా అన్న నంబరు సార్, వద్దు" అంటే ఉరి తీస్తారా? ఇరవై ఏళ్ళు స్కేట్లకి పదును పెట్టావు గానీ నీ నాలుకకి పెట్టుకోలేదు. వాడు మంచివాడట, గుడ్డ మడతపెట్టి ఇస్తాడట! గుడ్డ మడతపెట్టే వాళ్ళందరికీ మీ అన్నని పంచిపెట్టు.

ఓస్టాప్ నిన్ను ఎంతమందితో వాదించి ఆ ఉద్యోగంలో పెట్టించాడో నీకు గుర్తు లేదు. నీ కోసం కోచ్ గదిలో బల్ల గుద్దాడు. నీకు బల్ల గుద్దడం కూడా రాలేదు.

నాకు ఇక రాయొద్దు.

జెన్యా


ఫోర్ట్ హెరాన్
14 అక్టోబరు 1996

నెస్టర్‌కి,

రాయొద్దన్నదాన్ని నేనే రాస్తున్నాను. ఏం చేశావయ్యా నువ్వు?

శనివారం మాజీ సైనికుల లీజియన్ హాల్లో టీవీ పెట్టారు. ఎవరూ వెళ్ళకూడదని ఊరంతా అనుకున్నాం, ఊరంతా వెళ్ళాం. నేను తలుపు దగ్గర కోటు విప్పకుండా నిలబడ్డాను, ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చని. ఆ ఇసుకరంగు బట్టల్లో మనవాళ్ళని గుర్తుపట్టడమే కష్టమైంది. మెట్రో ఒక్కొక్కణ్ణి నడకని బట్టి చెబుతున్నాడు. "అదిగో లెబ్లాంక్, వంకర మోకాలు. వీడెవడు, కొత్తవాడు, గాలిపటంలా పోతున్నాడు."

అప్పుడు ఆ కొత్తవాడు వెనక్కి తిరిగాడు. వీపు మీద పద్నాలుగు. దానిపైన కోజుబ్ అని ఉంది.

హాల్లో గ్లాసులన్నీ బల్లల మీదకి దిగాయి నెస్టర్. మెట్రో "జెన్యా, నాకు కళ్ళు సరిగా లేవు, అక్కడ ఏం రాసుందో నువ్వు చదువు" అన్నాడు. నేను చదవలేదు. చదవక్కర్లేకుండా టీవీలో వ్యాఖ్యాత అనేశాడు. చేతిలో ఉన్న జాబితా చూడకుండా వీపు చూసి అన్నట్టున్నాడు, "కోజుబ్ మలుపు తిరిగాడు, కోజుబ్ ఇద్దర్ని దాటాడు, కోజుబ్ కొట్టాడు, తప్పింది."

"ఓస్టాప్ అయితే తప్పేది కాదు" అని ఎవరూ అనలేదు. అందరి మొహాల్లోనూ అదే ఉంది.

తరవాత గొడవ. సగంమంది ఇది మనకి చేసిన గౌరవమన్నారు, సగంమంది చచ్చినవాడితో వెటకారమన్నారు. లెబ్లాంక్ వాళ్ళ మామ బల్ల మీద బీరు ఒలకబోశాడు. చివరికి అందరూ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు జెన్యా, మీ ఇంటి పేరు. సంతోషించాలా, టీవీ పగలగొట్టాలా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. పదకొండేళ్ళ తరవాత ఓ రెండు నిమిషాలు ఓస్టాప్ కోజుబ్ ఆడుతున్నాడని విన్నాను. కోటు బొత్తాలు పట్టుకుని నిలబడిపోయాను, ఇంకోసారి అంటాడేమోనని. అనలేదు. ఎవరో జాబితా ఇచ్చినట్టున్నారు, ఆ తరవాత కోసోనెన్ అన్నాడు.

కావాలని చేశావా?

జెన్యా


శాన్ ఎలియాస్
23 అక్టోబరు 1996

వదినకి,

కావాలని చేయలేదు. చేసి ఉంటే ఎంత బాగుండేదో. అంత ధైర్యం ఎక్కడిది నాకు?

పేరుకి అక్షరాలు కత్తిరించి, పట్టీ మీద వరసగా పరిచి కుడతాను, నీకు తెలుసు. వాడి పేరూ మన పేరూ ఇంగ్లీషులో మొదటి రెండక్షరాలు ఒకటే. కో దాకా పరిచాను. పద్నాలుగు పక్కనే ఉంది. అక్కడి నుంచి నా చెయ్యి తనంతట తానే వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళు అన్నయ్యకి కుట్టిన చెయ్యి కదా. పట్టీ కుట్టాను, ఇస్త్రీ చేశాను, కొక్కేనికి తగిలించాను. నా కళ్ళకి సరిగ్గానే కనిపించింది.

డ్రెస్సింగ్ రూములో ఇంకా మన పాత మిల్లర్స్ తొమ్మిది మంది ఉన్నారు. తొడుక్కునేటప్పుడు అందరూ చూశారట. నేను పంతం పట్టి చేశాననుకుని ఒక్కరూ నోరు విప్పలేదు. లెబ్లాంక్ అయితే నా భుజం నొక్కి వెళ్ళాడు. ఎందుకో అనుకున్నాను.

ఆట మొదలయ్యాక నేను బెంచీ వెనక నిలబడతాను కదా. వాడు పరుగు ముగించి వచ్చి నా ముందు కూర్చున్నాడు. నా మొహానికి జానెడు దూరంలో ఆ పేరు, ఆ నంబరు, చెమటకి తడిసి, ఊపిరికి పైకీ కిందికీ కదులుతూ. వదినా, నా నోట "అన్నయ్యా" అని వచ్చేసింది. పైకే అన్నాను. నీళ్ళ సీసా అందిస్తున్నాననుకుని వాడు వెనక్కి చెయ్యి చాచాడు. ఇచ్చాను.

తరవాత వాడి చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పాను. వాడు ఆశ్చర్యపోయాడు. "తప్పా? మీ దగ్గర ఆచారం అనుకున్నాను. మొదటి ఆట ఆ నంబరు పెద్దాయన పేరుతో ఆడాలేమో, తరవాత మన పేరు ఇస్తారేమో అనుకున్నాను. మంచి ఆచారం కదా అనుకున్నాను" అన్నాడు. అలాంటి ఆచారం లేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. గోల్ తప్పినందుకు మీ అన్నకి క్షమాపణ చెప్పుకున్నాను కూడా అన్నాడు.

వాడే రిడ్లీ దగ్గరికి వెళ్ళి వేరే నంబరు ఇమ్మని అడిగాడు. కుదరదన్నారు. కోసోనెన్ పద్నాలుగు అని అచ్చేసిన చొక్కాలు అప్పటికే దుకాణాలకి వెళ్ళిపోయాయి.

నాకు పడిన శిక్ష ఏమిటంటే, ఇకనుంచి పేర్లూ నంబర్లూ బయట యంత్రం మీద వేయిస్తారట. సూదీ దారం అక్కర్లేదు, స్కేట్లు చూసుకో చాలన్నాడు రిడ్లీ. వదినా, ఇప్పుడు నువ్వు ఏ నంబరు కుట్టమన్నా, కుట్టొద్దన్నా ఒకటే. నా చేతిలో ఏమీ లేదు.

నెస్టర్


ఫోర్ట్ హెరాన్
11 నవంబరు 1996

నెస్టర్‌కి,

నీ ఉత్తరం పది రోజులు బల్ల మీద పెట్టుకుని తిరిగాను. నిన్ను అన్న మాటలే గుర్తొస్తున్నాయి. మాట మింగింది నువ్వు కాదు, నేను.

జూన్‌లో, నువ్వు వెళ్ళిన మరుసటి వారం, క్లబ్బు నుంచి ఒకామె టికెట్ కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో కాగితం. స్వెటర్ దించుతున్నాం అంది. నంబరు ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టమని మీరు కోరితే, స్వెటర్ జట్టుతో పాటు వెళ్ళి అక్కడి దూలానికి వేలాడుతుంది. స్వెటర్ మీకే కావాలంటే ఇచ్చేస్తాం, కానీ అప్పుడు నంబరు మళ్ళీ జట్టుకి వచ్చేస్తుంది. ఏదో ఒకటే. ఇక్కడ సంతకం పెట్టండి అంది.

నా వెనక లారీలు సర్దుతున్నారు. ఆ శబ్దం వింటూ ఉంటే, మీ అన్నని పేరు తెలియని ఊళ్ళో, పైకి చూసి ఎవడితను అని అడిగేవాళ్ళ నెత్తి మీద వేలాడదీస్తారని అనిపించింది. బట్ట నాకు కావాలనిపించింది. ఆ వేసవిలో ఊళ్ళోంచి ఒక్కొక్కటే అన్నీ వెళ్ళిపోతున్నాయి, చేత్తో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. సంతకం పెట్టాను. నంబరు వదిలేశాను. నేనే వదిలేశాను నెస్టర్.

పెట్టె నా మంచం కింద ఉంది. తాడు కూడా విప్పలేదు, మొహం చెల్లక. ఆ సంతకం పెట్టిన రెండు నెలలకి కాగితం తీసుకుని, నంబరు ఎవరికీ ఇవ్వనివ్వకు అని నీకు రాశాను. నువ్వు ఆపగలిగితే నేను చేసింది చెల్లిపోతుందని ఆశ. నువ్వు అక్కడ గ్లవ్సుల పెట్టెల్లో చెయ్యి పెట్టి వెతుకుతుంటే, ఇక్కడ నీకు క్యాబేజీల కబుర్లు చెప్పాను. నీ తప్పు కాదు అన్నాను చూడు, ఆ ఒక్క మాటే నిజం.

జెన్యా


శాన్ ఎలియాస్
25 నవంబరు 1996

వదినకి,

నాకు తెలుసు.

రిడ్లీ గదిలో నోరు పెగల్లేదని రాశాను చూడు, అది అబద్ధం. కాగితం మీద రాసిన మొదటి అబద్ధం. ఆ రోజు గట్టిగానే అడిగాను, బల్ల కూడా గుద్దాను. అతను సొరుగులోంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు. నీ సంతకం నాకు తెలియదా? జె దగ్గర సున్నా చుట్టి రాస్తావు. స్వెటర్ ఎక్కడుందో కూడా అప్పుడే తెలిసింది. అందుకే వెతకడం మానేశాను. నిన్ను అడిగితే నువ్వు చెప్పాల్సి వస్తుంది, అది నాకు ఇష్టం లేకపోయింది. నన్ను తిట్టుకుంటే నీకు కాస్త తేలికగా ఉంటుందేమో అనుకున్నాను.

దీనితో ఒక పేజీ పంపుతున్నాను, ఆటల దగ్గర అమ్మే పుస్తకంలోది. జట్టు ఊరు మారితే చరిత్ర కూడా దానితోనే పోతుందట, అది నియమం. అందుకని శాన్ ఎలియాస్ తరఫున అత్యధిక గోల్స్ చేసినవాడు ఓస్టాప్ కోజుబ్, 311 అని వేశారు. అన్నయ్య ఈ రాష్ట్రం మొహం కూడా చూడలేదు. గోడ మీద మొదటి సంవత్సరం 1996, పుస్తకంలో అన్నయ్య గోల్స్ వాళ్ళవి. ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు.

పెట్టె విప్పుకో వదినా. నీదే కదా.

నెస్టర్


ఫోర్ట్ హెరాన్
9 జనవరి 1997

నెస్టర్‌కి,

మన పాత క్యాలెండర్ క్రిస్మస్ అయింది. ఆరో తారీకు సాయంత్రం మామూలుగానే పన్నెండు వంటలు చేశాను, తినేది నేనూ, మెట్రో దంపతులూ. పోయినవాళ్ళ కోసం ఖాళీ కుర్చీ, కంచం పెట్టాను. నీ మాట గుర్తొచ్చింది. ఇక దాచుకోవడం దేనికి అనిపించి పెట్టె తాడు కోశాను. స్వెటర్ తీసి ఓస్టాప్ కుర్చీకి తొడిగాను. మెట్రో దానికి వంగి దణ్ణం పెట్టాడు. తేనె వేసిన గోధుమల కూత్యా గిన్నె మొదట దాని ముందు పెట్టాం. పదకొండేళ్ళలో నాకు అంత హాయిగా అనిపించిన రాత్రిభోజనం లేదు.

తరవాత స్వెటర్ చేతులు సర్దుతూ ఉంటే చూశాను. ఎడమ మోచేతి దగ్గర ఏమీ లేదు.

నీకు గుర్తుండే ఉంటుంది. ఓస్టాప్ చనిపోవడానికి ముందటి ఏడు ఫిబ్రవరిలో రింక్ చెక్కగోడకి గుద్దుకుని మోచెయ్యి చింపుకున్నాడు. నువ్వు మా వంటింట్లో కూర్చుని కుట్టావు. తెల్లదారం అయిపోయిందని నా కుట్టుపెట్టెలో ఆకుపచ్చది తీసుకున్నావు. "వీడి చేతికి గడ్డి మొలిచిందేంటి" అని నేను నవ్వాను. చివరి దాకా అలాగే తిరిగాడు, అదృష్టమట, మార్చనివ్వలేదు.

ఇది విప్పి మళ్ళీ కుట్టిన బట్ట కూడా కాదు. లోపలి వైపు తిప్పి దీపం కింద చూశాను. చంకల్లో చెమట మరక లేదు, మెడ దగ్గర అరుగు లేదు. దుమ్మూ పొగా తప్ప ఏ వాసనా లేదు. దూలం మీద అంత ఎత్తున ఉంటే ఎవరికి తెలుస్తుంది?

నేను నంబరు ఇచ్చేసి తెచ్చుకున్నది ఇదే. ఇది అతనిదేనా నెస్టర్? ఏదున్నా రాయి, నన్ను తేలిక చేయడానికి మాత్రం రాయకు.

జెన్యా


శాన్ ఎలియాస్
21 జనవరి 1997

వదినకి,

అతనిది కాదు. నేను కుట్టాను.

ఆ మార్చిలో దూలానికి ఎత్తడానికి అన్నయ్య వేసుకున్న స్వెటర్ కావాలని క్లబ్బువాళ్ళు నన్ను అడిగారు. నా దగ్గర లేదని చెబితే, ఎక్కడుందని అడుగుతారు. చెప్పలేక, ఇస్తానన్నాను. కొత్త బట్ట తీసుకుని పేరూ నంబరూ కుట్టి, కాస్త నలిపి ఇచ్చాను. ఆ రోజు పన్నెండు వేలమంది లేచి నిలబడి ఏడ్చింది నేను వారం కిందట కుట్టినదాన్ని చూసి. నువ్వు నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకున్నావు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఒక రోజు గడిస్తే ఇంకో రోజు గడిచింది. అది అంత ఎత్తున ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదనుకున్నాను. దానికోసం నీతో బేరం పెడతారని ఎలా అనుకుంటాను? ఇక్కడికి వచ్చాక పిచ్చివాడిలా వెతికింది కూడా అందుకే, ఎవరైనా దగ్గరగా చూస్తారేమోనని.

అసలుది ఎక్కడుందో చెబుతాను.

డౌఫీల్డ్‌లో పిల్లల మంచు రింక్ ప్రారంభోత్సవానికి అన్నయ్య స్వెటర్ సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడే కదా, ఆ మంచు తుఫానులో అతని కారు లారీ కింద పడింది. పోలీసులు సంచి నాకు ఇచ్చారు. దానికి ఏమీ కాలేదు. నువ్వు కుట్టుపూల చొక్కా, మీ పెళ్ళినాటిది, నా చేతికిచ్చి అన్నయ్యకి తొడిగి రమ్మన్నావు. నువ్వు వస్తానన్నా నేను రానివ్వలేదు. శవపెట్టె మూసే ఉంచాల్సిందేనని వాళ్ళు ముందే చెప్పారు. నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళాను.

చొక్కా తొడిగాను. అన్ని బొత్తాలూ పెట్టాను. పలచటి నారబట్ట వదినా అది. బయట మైనస్ ముప్పై ఎనిమిది. గోరీ తవ్వడానికి నేల మెత్తబడాలని వాళ్ళు రెండు రోజులుగా మంట పెడుతున్నారు. ఆ నేలలో ఇంత పలచటి బట్టతో ఎలా ఉంటాడనిపించింది. బుర్ర పని చేయలేదు, చలేస్తుందని ఒక్కటే ఉంది. సంచిలోంచి స్వెటర్ తీసి చొక్కా మీద తొడిగాను. చేతులు దూర్చడానికి చాలాసేపు పట్టింది. ఎడమ మోచేతి దగ్గర నీ దారం నా వేళ్ళకి తగిలింది. అప్పుడు మూసేయమని చెప్పాను.

నిన్ను అడగకుండా చేశాను. నీకు దక్కాల్సినదాన్ని నేనే మట్టిలో పెట్టాను. పద్నాలుగో నంబరును రిడ్లీ తీసుకోలేదు, ఆ ఫిన్లండ్‌వాడూ తీసుకోలేదు, నువ్వూ ఇవ్వలేదు. అది అతని ఒంటి మీదే ఉంది. నీకు మాత్రం నేను కుట్టిన గుడ్డ మిగిలింది వదినా. కుర్చీకి ఉంచుకుంటావో, పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. వేసినా నేనేమీ అనుకోను.

నెస్టర్